బీపీ బిళ్ళ, బుడగల బిళ్ళ

రేవులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. అందరికీ డేగమ్మే. అంతెత్తున క్రేను కేబిన్‌లో కూర్చుని, కింద ఎవడి హెల్మెట్ బెల్టు ఊడిందో కూడా చెప్పేస్తుందని జెండా బాబాయి పెట్టిన పేరది. జెండా బాబాయంటే ఆ క్రేను కింద నిలబడి ఆమెకు సైగలిచ్చే పెద్దాయన. ఎర్రజెండా, పచ్చజెండా పోయి వాకీటాకీలు వచ్చి చాలా కాలమైంది గానీ, పాత పేరు ఆయన్ని వదల్లేదు. ఆమె పైన, ఆయన కింద. ఇద్దరి మధ్యా గాల్లో వేలాడుతూ ఇల్లంత కంటైనరు పెట్టె. ఓడలోంచి లేపాలి, ఊగకుండా తేవాలి, లారీ మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించాలి. డేగమ్మ దించితే లారీ డ్రైవరుకి కుదుపు కూడా తెలిసేది కాదు.

రేవువాళ్ళు ఏడాదికోసారి అందరికీ వైద్య పరీక్షలు చేయిస్తారు. ప్రతిసారీ ఆ గదిలోకి నవ్వుతూ వెళ్ళి నవ్వుతూ వచ్చేది. ఈసారి నర్సు చేతికి పట్టీ చుట్టి, గాలి నింపి, అంకె చూసింది. పట్టీ విప్పి రెండో చేతికి చుట్టింది. కాసేపు కూర్చోమంది. మళ్ళీ చూసింది.

"తల తిరగడం, తలనొప్పి లాంటివేమైనా ఉన్నాయా అమ్మా?"

"ఏమీ లేవు. రాయిలా ఉన్నాను."

"రాయిలా ఉన్నారు గానీ బీపీ కొండలా ఉంది," అంది నర్సు.

మధ్యాహ్నానికి సూపర్‌వైజరు పిలిచాడు. మంచివాడే, కానీ రూలు రూలే అనే మనిషి. బీపీ అదుపులోకి వచ్చి, డాక్టరు సరేనని రాసిచ్చేదాకా పైకెక్కడానికి లేదన్నాడు. అందాకా కింద సామాన్ల గదిలో పని. హెల్మెట్లు, చేతి తొడుగులు, బూట్లు వచ్చినవాళ్ళకి ఇవ్వడం, తిరిగొచ్చినవి సర్దడం.

"నాకు కళ్ళు తిరగలేదు, చెయ్యి వణకలేదు. ఎందుకు దిగాలి?" అని అడిగింది.

"తిరిగాక దింపితే ఏం లాభం డేగమ్మా? ఆ పెట్టె కింద బాబాయి నిలబడి ఉంటాడు."

ఆమె వాకీటాకీ తీసి అతని బల్ల మీద పెట్టింది.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. ఆయన తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. మాట తక్కువ, కొలత ఎక్కువ. అంతా విని, చెవి మీద పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి, "సరే, రేపు నేనూ వస్తాను డాక్టరు దగ్గరికి," అన్నాడు. ఆయన పని మానేసి వస్తానన్నాడంటే మాటలు కాదు. అప్పుడు భయం వేసింది ఆమెకి.

వాళ్ళ వీధి చివరున్న ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నావిడే. వాళ్ళకి కూతురయ్యే వయసుంటుందేమో. గుండె, కళ్ళు, మూత్రపిండాలు అన్నీ చూసింది. ఇంకా ఎక్కడా దెబ్బ తినలేదనీ, ముందుగానే తెలియడం అదృష్టమనీ చెప్పింది. రోజుకో బిళ్ళ రాసింది. ఉప్పు తగ్గించమంది, నడవమంది. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగింది. అప్పటికి ఏమీ లేవు. లేవనే చెప్పింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పు డబ్బా పై అరలోకి పోయింది. ఆయన కూడా ఆమెతో పాటు చప్పిడి కూడే తిన్నాడు. మొదటి రోజు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "చెక్కపొడి ఇంతకంటే రుచిగా ఉంటుంది," అన్నాడంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

బిళ్ళ మొదలుపెట్టిన కొత్తలో ఒళ్ళంతా నీరసం. మంచం మీంచి గబుక్కున లేస్తే తల దిమ్ముగా ఉండేది. సామాన్ల గదిలో స్టూలు మీద కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. దానికి తోడు మనసు నీరసం. బూట్లు ఇచ్చి బూట్లు పుచ్చుకోవడం కూడా ఒక పనేనా? కిటికీలోంచి చూస్తే క్రేను కాళ్ళు మాత్రమే కనిపించేవి. తల కనిపించేది కాదు.

ఆ వారమే అక్క వచ్చింది.

అక్క గురించి ముందే చెప్పాలి. తల్లి పోయేనాటికి డేగమ్మకు జడ వేసుకోవడం కూడా రాదు. అక్కే తల దువ్వింది, అక్కే బడికి పంపింది, అక్కే పెళ్ళి చేసింది. ఆ దువ్వెన పట్టిన చెయ్యే తరవాత బ్యూటీ పార్లరు పెట్టింది. అద్దాల ముందు రెండు కుర్చీలు, వెనకాల తల కడిగే తొట్టి, ఎప్పుడూ ఆగని కబుర్లు. ఊళ్ళో ఎవరికి ఏ జబ్బో, ఏ మందు పని చేసిందో అన్నీ ఆ కుర్చీల్లోనే తేలేవి. అక్క మాటంటే శాసనం. అక్కకి తెలియనిది లేదని కాదు, తెలియదని ఒప్పుకోవడం రాదు.

గుమ్మంలోంచే చెల్లెలి మొహం చూసి, "ఏమిటే ఇది! వడిలిన తోటకూర కాడలా అయిపోయావు!" అంది.

"బీపీ బిళ్ళలక్కా. అలవాటయ్యేదాకా ఇలాగే ఉంటుందిట."

"ఎవరన్నారు? ఆ బిళ్ళలు మనిషిని పీల్చేస్తాయి. పీల్చిన దానికి పైనుంచి బలం పొయ్యాలి కదా! ఆ చిన్న డాక్టరుకి ఆమాత్రం తెలీదూ?" అని చేతిసంచిలోంచి పొడుగాటి గొట్టాలు నాలుగు తీసి బల్ల మీద పెట్టింది. "మల్టీవిటమిన్. మా పార్లరుకొచ్చే వాళ్ళంతా ఇవే. గ్లాసు నీళ్ళల్లో వేశావంటే అదే కరిగిపోతుంది. చూడు."

బిళ్ళ నీళ్ళలో పడగానే చుయ్యిమంది. బుడగలు పైకెగిసి, నీళ్ళు నారింజ రంగుకి తిరిగాయి. డేగమ్మ తాగింది. పుల్లగా, తియ్యగా, నాలుక మీద చిటపటలాడుతూ దిగింది. ఉప్పు లేని తిండికి చచ్చిన నోరు ఒక్కసారి లేచి కూర్చున్నట్టయింది.

"బాగుందక్కా."

"నేనివ్వబట్టి బాగుంది," అంది అక్క. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నీరసంగా ఉంటే మధ్యలో ఇంకోటి వేసుకో. విటమినే కదా, ఎక్కువైతే పోయేదేముంది?"

డేగమ్మ అలాగే చేసింది. అక్క చెప్పిన దానికి అడ్డం చెప్పే అలవాటు ఆమెకి పుట్టుకతోనే లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అన్నది కాస్తా, సామాన్ల గదిలో విసుగు పుట్టినప్పుడల్లా ఒకటైంది. టీ మానేసి అదే తాగేది. మనసుకి హుషారుగా ఉండేది. గొట్టాలు అయిపోయేలోపే అక్క ఇంకో నాలుగు పంపేది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళితే బీపీ దిగలేదు. అంగుళమైనా కదల్లేదన్నట్టుంది. డాక్టరమ్మ బిళ్ళ మోతాదు పెంచింది. ఇంకోసారి వెళితే మరి కాస్త ఎక్కువే చూపించింది. "బిళ్ళ రోజూ వేసుకుంటున్నారా? మరిచిపోవడం లేదు కదా?" అని అడిగింది.

"ఒక్క పూట కూడా మానలేదండీ."

"ఉప్పు?"

"ఉప్పు డబ్బా మా ఇంట్లో ఎక్కడుందో కూడా మాకు గుర్తులేదు," అన్నాడు పక్కనున్న వడ్రంగి.

"వేరే మందులు?"

"లేవండీ." అబద్ధం చెప్పాలని కాదు. మందంటే జబ్బుకి వేసుకునేది. విటమిన్ బలానికి. బలానికి తాగేదాన్ని మందని ఎవరంటారు?

డాక్టరమ్మ రెండో రకం బిళ్ళ కలిపింది. రక్త పరీక్షలకి రాసింది. ఆ బిళ్ళతో పాదాలు కొద్దిగా వాచాయి. బూట్ల గదిలో పనిచేసే మనిషికి బూట్లు పట్టకుండా పోయాయి. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, ఒకరోజు జెండా బాబాయి చేతి తొడుగులు మార్చుకునే వంకతో వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏం బాబాయ్, అలా ఉన్నావు?"

"నీ కేబిన్‌లోకి కొత్తబ్బాయి వచ్చాడు కదా. పని నేర్చుకుంటున్నాడు, తప్పు పట్టను. కానీ పెట్టె దించేటప్పుడు ధన్మని కూలేస్తాడు. నాకు గుండె గొంతులోకొస్తోంది." గొంతు తగ్గించాడు. "ఆ కేబిన్ వాడికే ఖాయం చేస్తారని అనుకుంటున్నారమ్మా. నువ్వెప్పుడొస్తావో ఎవరూ చెప్పలేకపోతున్నారట. ఎవరి నోటో వినేకన్నా నా నోట వింటే మేలని చెప్తున్నాను."

ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్ళలేదు. తిన్నగా అక్క పార్లరుకి వెళ్ళింది. ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడి, అద్దంలో తన మొహం చూసుకుని బావురుమంది. "ఇన్నేళ్ళు నేర్చుకున్న పని అక్కా. ఈ అంకె ఒక్కటి దిగక చేజారిపోతోంది."

అక్క చేతిలో కత్తెర పక్కన పెట్టింది. ఒక వైపే కత్తిరించిన జుట్టుతో ఒకావిడ రెండో కుర్చీలో బిక్కమొహం వేసుకుని కూర్చుంది. అక్క ఆవిణ్ణి పట్టించుకోలేదు. "ఇక ఊరుకోను. రేపు నేనొస్తాను ఆ డాక్టరు దగ్గరికి. నాలుగు కడిగి వస్తాను," అంది.

అన్నంత పనీ చేసింది. మర్నాడు ఆసుపత్రిలో తమ వంతు రాగానే చెల్లెలి కన్నా ముందు తనే లోపలికి దూరింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూడమ్మా, నువ్వు చిన్నపిల్లవి, నిన్ననకూడదు. కానీ ఒకటి పోయి రెండు బిళ్ళలయ్యాయి. బీపీ అక్కడే ఉంది, కాళ్ళు మాత్రం వాచాయి. ఇదేం వైద్యం? నా చెల్లెలు ఇవాళ నిలబడి తిరుగుతోందంటే నీ మందుల వల్ల కాదు, నేనిచ్చే బలం వల్ల."

"ఏం బలమండీ?" అంది డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు.

"ఇదిగో!" అక్క సంచిలోంచి గొట్టం తీసి, డాక్టరమ్మ బల్ల మీదున్న మంచినీళ్ళ గ్లాసులోనే బిళ్ళ పడేసింది. చుయ్యిమని నురగ లేచింది. గది నిండా నారింజ వాసన. "రోజుకి మూడు, నాలుగు తాగుతోంది కాబట్టి సరిపోయింది."

డాక్టరమ్మ బుడగలు అణిగే దాకా ఆ గ్లాసు వంకే చూసింది. తరవాత డేగమ్మ వైపు తిరిగింది.

"ఎప్పటి నుంచి తాగుతున్నారమ్మా ఇవి?"

"బీపీ బిళ్ళలు మొదలుపెట్టిన కొత్తలోనే... విటమిన్లే కదండీ."

"విటమిన్లే. కానీ ఈ బుడగలు ఊరికే రావు కదా. ఇలా పొంగాలంటే ఇందులో సోడా కలపాలి. సోడాలోనూ ఉప్పులోనూ ఉండేది ఒకటే, సోడియం. నోటికి ఉప్పగా తగలదు, పుల్లగా తియ్యగా ఉంటుంది. ఒంటికి మాత్రం ఉప్పు లెక్కే. ఒక్కో బిళ్ళలో కొంచెమే అనుకున్నా, రోజుకి మూడూ నాలుగంటే తక్కువేం కాదు. మీరు వంటలో మానేసిన ఉప్పు గ్లాసులో వెనక్కి వచ్చి ఉండొచ్చు. అందుకే నేను మందు పెంచిన కొద్దీ అక్కడే ఉందేమో. కాళ్ళ వాపుకి ఆ రెండో బిళ్ళ కొంత, ఇది కొంత కారణం కావచ్చు."

అక్క కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది.

"ఇదే కారణమని ఒట్టు వెయ్యలేను," అంది డాక్టరమ్మ మళ్ళీ. "ఆపి చూద్దాం. బీపీ బిళ్ళలు మాత్రం ఒక్క పూట కూడా మానకండి. తప్పు నాదీ ఉంది. మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను గానీ, విటమిన్లు, బలం పొడులు, కషాయాలు ఏమైనా తీసుకుంటున్నారా అని విడిగా అడగలేదు. అడిగి ఉండాల్సింది."

డేగమ్మ అక్క వైపు చూసింది. అక్క మొహంలో నెత్తుటి చుక్క లేదు. నెమ్మదిగా ఆ గ్లాసు తీసుకుని, మూలనున్న కుళాయి తొట్టిలో పారబోసి, గ్లాసు కడిగి, తుడిచి, తిరిగి బల్ల మీద పెట్టింది. బయటికి నడిచింది. డేగమ్మ చెప్పులేసుకుని వీధిలోకొచ్చేసరికి అక్క బస్సెక్కి వెళ్ళిపోయింది.

గొట్టాలన్నీ అటక మీదికి పోయాయి. మొగుడు ఒక బీపీ మిషను కొనుక్కొచ్చాడు. రోజూ పొద్దున ఆమె కాళ్ళు నేలకి ఆనించి, వీపు కుర్చీకి ఆనించి కూర్చునేది. ఆయన కిటికీ చట్రం కొలిచేంత శ్రద్ధగా ఆమె చేతికి పట్టీ చుట్టేవాడు. "మాట్లాడకు" అనేవాడు. ఆమె మాట్లాడేది కాదు, ఆయన ఎలాగూ మాట్లాడడు. అంకె మొదట్లో మొరాయించింది. తరవాత మెట్టు మెట్టుగా దిగడం మొదలుపెట్టింది. ఒకరోజు కాస్త ఎక్కినా, మర్నాడు అంతకంటే కిందికి వచ్చేది. కాళ్ళ వాపు తీసింది. ఒకరోజు ఆయన అంకె చూసి, నమ్మలేక, మిషను తలకిందులు చేసి చూసి, మళ్ళీ చుట్టాడు. అదే అంకె. ఆ రోజు ఇద్దరూ పొద్దున్నే కొత్త దంపతుల్లా నవ్వుకున్నారు.

కానీ అక్క రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. పార్లరులో పనిచేసే అమ్మాయి ఎత్తి, "పనిలో ఉన్నారండీ," అనేది. వెనకాల నుంచి అక్క దగ్గు వినిపించేది. బీపీ దిగుతున్న సంతోషం డేగమ్మకి సగమే దక్కింది. ఏ మంచి జరిగినా మొదట అక్కకి చెప్పడం అలవాటు. చెప్పాక గానీ అది మంచిలా అనిపించదు.

"నువ్వే వెళ్ళు. వదిన సంగతి తెలుసుగా. తప్పు తనదైతే తలుపు వేసుకుంటుంది, నీదైతే తలుపు బద్దలు కొట్టుకుని వస్తుంది," అన్నాడు వడ్రంగి.

సెలవు రోజు చూసుకుని వెళ్ళింది. వెళుతూ, అంకెలు చూపించి అక్క మనసు తేలిక చేద్దామని మిషను కూడా సంచిలో వేసుకుంది.

పార్లరులో ఒకే ఒక్క కస్టమరు, తలకి రంగు పట్టించుకుని ఆరేదాకా కూర్చుని ఉంది. అక్క వెనక గదిలో, తలకి గుడ్డ బిగించి కట్టుకుని, దీపం ఆపేసుకుని కూర్చుంది. గొట్టాలు నింపిన అట్టపెట్టె పక్కనే ఉంది.

"ఎందుకొచ్చావు?" అంది అటు తిరిగి.

"నువ్వు రాలేదని."

"ఏం మొహం పెట్టుకుని రాను? అమ్మ పోతూ నిన్ను నా చేతుల్లో పెట్టింది. ఆ చేత్తోనే నీకు..." పక్కనున్న అట్టపెట్టెను కాలితో నెట్టింది. "నీ ఉద్యోగం పోగొట్టేదాన్ని. ఏమన్నా అయ్యుంటే?"

"ఏమీ కాలేదక్కా. ఇదిగో చూడు, దిగింది." అంకెలు చెప్పింది. అక్క వినీ విననట్టు కళ్ళు తుడుచుకుంది. "నువ్వు నాతో రాకపోతే ఆ గ్లాసులో బిళ్ళ వేసేదే కాదు, ఆ డాక్టరమ్మ చూసేదే కాదు. నేను నోరు మూసుకుని ఇంకో ఏడాది తాగేదాన్ని. పెట్టిందీ నువ్వే, పట్టించిందీ నువ్వే. ఇక లేచి నాకు తల దువ్వు."

అక్క సగం నవ్వి, లేవబోయి, గోడ పట్టుకుంది.

"ఏమైంది?"

"ఏం లేదు, తలపోటు. ఈ రంగుల వాసనకి. ఏడాదై ఇలాగే ఉంది, సాయంత్రానికి అదే పోతుంది."

డేగమ్మకి ఏదో తట్టింది. "ఆ బుడగల బిళ్ళలు నువ్వూ తాగేదానివి కదూ?"

"నేను తాగకుండా నీకిస్తానా? నీకంటే ఎక్కువే తాగాను. తలపోటొస్తే అదే మందనుకునేదాన్ని."

"బీపీ ఎప్పుడైనా చూపించుకున్నావా?"

"నాకేం బీపీ! నేను గుండ్రాయిని."

"నేనూ నర్సుతో అదే మాట అన్నాను. కూర్చో."

"వద్దే."

"కూర్చో అక్కా!" జీవితంలో మొదటిసారి అక్క మీద గొంతు లేపింది. ఆ గొంతుకి తానే జడుసుకుంది. అక్క కూర్చుంది.

కాసేపు ఊపిరి కుదుటపడనిచ్చి పట్టీ చుట్టింది. మిషను గుర్రుమని గాలి నింపుకుని, నెమ్మదిగా వదిలి, అంకె చూపించింది. రేవు నర్సు తన దగ్గర చూసిన అంకె కన్నా అది చాలా పెద్దది.

"నీ మిషను పాడైంది," అంది అక్క వెంటనే.

"సరే." డేగమ్మ మిషను పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళి, రంగు ఆరబెట్టుకుంటున్న కస్టమరుని, "అమ్మా, ఒక్కసారి చెయ్యివ్వండి," అంది. ఆవిడ వింతగా చూసి చెయ్యి చాపింది. నిక్షేపంలాంటి అంకె వచ్చింది.

"ఉచితంగా చూస్తున్నారా? బాగుందే," అంది ఆవిడ మురిసిపోతూ.

అక్క గుమ్మంలో నిలబడి ఆ అంకె చూసింది. తలకి కట్టుకున్న గుడ్డ తీసి మడత పెట్టింది. "ఈవిడ తల కడిగేసి వస్తాను," అంది మెల్లగా. తల పనమ్మాయి కడిగింది. అక్కాచెల్లెళ్ళు ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. దారి పొడుగునా అక్క చెల్లెలి చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ అక్కని చూసి నవ్వలేదు, దెప్పలేదు. వెంటనే పరీక్షలన్నీ చేసింది. "సరైన సమయానికి వచ్చారు. ఇంకా ఆలస్యమైతే గుండెకో, మెదడుకో దెబ్బ తగిలేది. మీ చెల్లెలు మిమ్మల్ని లాక్కురావడం మంచిదైంది," అంది. బిళ్ళలు రాసి, ఈసారి వరసగా అడిగింది: విటమిన్లా, పొడులా, నొప్పి బిళ్ళలా, ఎవరైనా ఇచ్చిన ఆకులూ వేళ్ళా? అక్క బడిపిల్లలా ఒక్కొక్కటే ఒప్పుకుంది. నొప్పి బిళ్ళలు కూడా తరచూ వేసుకునేదిట. అవీ ఆపమంది.

అప్పుడే డేగమ్మ రక్త పరీక్షల కాగితం కూడా చూసి డాక్టరమ్మ అంది, "మీకు విటమిన్ డి తక్కువుంది, బి పన్నెండూ తక్కువే. రోజంతా మూసిన కేబిన్‌లో కూర్చునే పని కదా. మామూలు మల్టీవిటమిన్ బిళ్ళ రాస్తాను. నీళ్ళతో మింగేది, పొంగేది కాదు. ఇందులో పొటాషియం లేదు. మీకిచ్చిన బీపీ బిళ్ళల్లో ఒకటి ఒంట్లో పొటాషియాన్ని నిలవేస్తుంది. కాబట్టి అది ఎక్కువుండే బలం బిళ్ళలు నన్నడక్కుండా వేసుకోవద్దు. ఇది మాత్రం నిశ్చింతగా వాడండి, బీపీ మందుతో గొడవ పడదు."

అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆసుపత్రి మెట్లెక్కాక మొదటిసారి ఆవిడ కళ్ళల్లో పాత వెలుగు వచ్చింది.

"అంటే బలం తక్కువన్నది నిజమేగా?"

"నిజమేనండీ," అంది డాక్టరమ్మ.

"విన్నావుటే? నేను మొదటిరోజే చెప్పానా లేదా!"

డాక్టరమ్మ ఆపుకోలేక నవ్వేసింది. డేగమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అక్క మళ్ళీ అక్కయ్యింది, అంతే చాలనిపించింది.

ఆ తరవాత రేవు వైద్యుడు డేగమ్మని మళ్ళీ మళ్ళీ చూసి, వేరే వేరే రోజుల్లో చూసి, చివరికి సరేనని రాశాడు. సూపర్‌వైజరు ఆమెకి వాకీటాకీ తిరిగిస్తూ, "కొత్తబ్బాయి కూడా నీ పక్కనే పైన కూర్చుంటాడు. పెట్టె ఎలా దించాలో నేర్పు. వాడికి రెండో క్రేను ఇద్దామనుకుంటున్నాం," అన్నాడు. కేబిన్ పోలేదు సరికదా, శిష్యుడొకడు దొరికాడు.

పొద్దుటి పూట ఎండ ఇంకా పదునెక్కలేదు. పైకెక్కి, కుర్చీలో సర్దుకుని, కాళ్ళ కింది అద్దంలోంచి చూసింది. ఓడ కడుపు, లారీల వరస, మధ్యలో చీమంత బాబాయి. మీట పట్టుకుంటే చేతికి తన చెయ్యి తనకి తిరిగొచ్చినట్టుంది.

"బాబాయ్, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది తల్లీ. ఇన్నాళ్ళకి చెవులు చల్లబడ్డాయి. మొదటిది కొంచెం బరువైంది, నెమ్మది."

పెట్టె లేచింది, తిరిగింది, లారీ మీదికి దిగింది. పెట్టె ఇంకా దిగలేదనుకుని లారీ డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడట. బాబాయి తరవాత అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

అక్క బీపీ చెల్లెలి దానిలా చెప్పిన మాట వినే రకం కాదు. అక్క మనస్తత్వమే దానికీ వచ్చింది. దిగడానికి చాలా కాలం తీసుకుంది, ఒక మందు మార్చాల్సి వచ్చింది. కానీ తలపోటు మాత్రం పోయింది. తలకి గుడ్డ కట్టడం మానేశాక, ఏడాది పాటు వెలుతురంటే విసుక్కున్న మనిషి, పార్లరు వెనక గదికి కొత్త కిటికీ పెట్టించింది. చట్రం మరిదే చేశాడు. అట్టపెట్టెలో గొట్టాలన్నీ తీసుకొచ్చిన చోటికే తిరిగి పంపించింది. ఇప్పుడు కుర్చీలో ఎవరు కూర్చున్నా, కత్తెర పట్టుకునే ముందు, "బీపీ ఉందా? బిళ్ళలేమైనా వేసుకుంటున్నావా? బలానికేం తాగుతున్నావు? మీ డాక్టరుకి చెప్పావా?" అని ఆరా తీస్తుంది. చెప్పలేదన్న వాళ్ళకి సగం జుట్టు కత్తిరించి చీవాట్లు పెడుతుంది. మిగతా సగం కోసం వాళ్ళు మారు మాట్లాడకుండా వింటారు.

డాక్టరమ్మ నడవమంది కాబట్టి ఇద్దరూ సెలవు రోజుల్లో సముద్రం గట్టు మీద నడుస్తారు. అక్క ముందు, చెల్లెలు వెనక. చిన్నప్పుడు బడికెళ్ళినట్టే.

"త్వరగా నడవ్వే, ముసలమ్మలా ఏమిటా నడక!" అని అక్క వెనక్కి తిరిగి అరిచింది నిన్న.

"నీ బీపీ బిళ్ళ బాగా పని చేస్తున్నట్టుందక్కా," అంది చెల్లెలు, పరుగులాంటి నడకతో ఆమెని అందుకుంటూ.